బరంపురంలో బార్ ఎలక్షన్ కరపత్రాలు వేయించిన షాపు గురించి

లాయర్లెవరైనా బార్ ఎలక్షన్‌కి, అంటే లాయర్ల సంఘం ఎన్నికకి, నిలబడుతూ ఒడియాలోనూ తెలుగులోనూ కరపత్రం వేయించాలనుకుంటే ఇది మీకోసమే. ఒడిశాలో గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ వైపు ఉన్న మన తెలుగువాళ్లకి ఇది పెద్ద తలనొప్పి. ఒడియా బాగా వేసే ప్రెస్‌లో తెలుగు రాదు, తెలుగు పెళ్లి కార్డులు వేసే చోట ఒడియాలో తప్పులు పడతాయి. రెండూ ఒకే చోట తప్పుల్లేకుండా వేసే షాపు నాకు బరంపురంలో దొరికింది. మూడు వారాల్లో ఆరు సార్లు వెళ్లాను. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర ఎందుకు తగ్గిందో కింద చెప్తాను.

గిరి రోడ్డు వైపు నుంచి లోపలికి ఒక సందు ఉంటుంది. సందులో చీరల గోడౌన్, దాని పక్కన రెండు గదులు. ముందు గదిలో రెండు కంప్యూటర్లు, వెనక గదిలో ఒక ఆఫ్‌సెట్ మెషిను, ఒక కటింగ్ మెషిను, గోడకి ఆనించిన పేపర్ రీములు, అంతే షాపు. పేరు రాద్దామనుకున్నాను కానీ ఓనరు బాబాయి వద్దన్నారు. "ఉన్న పనే చెయ్యలేకపోతున్నాం అమ్మా, ఫోన్లు మొదలైతే మెషిను ఆపి మాట్లాడుతూ కూర్చోవాలి" అన్నారు. ఆయన మాట మీద పేరు రాయడం లేదు. ఆ సందులోకి వెళ్లి ప్రెస్ ఎక్కడ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు.

మాది గంజాం జిల్లాలోనే ఒక చిన్న కోర్టు. ఊరు పేరు చెప్పను, ఎందుకంటే పోటీ చేసినవాళ్లు, చేయించినవాళ్లు అందరం మర్నాడు పొద్దున్న అదే బార్ హాల్లో అదే టేబుల్ చుట్టూ కూర్చోవాలి. నేను ఏ మేడమ్ దగ్గర జూనియర్‌గా పని నేర్చుకున్నానో ఆవిడ ఈసారి సెక్రటరీ పదవికి నిలబడ్డారు. మా బార్‌లో ఆ కుర్చీలో ఇంతవరకు ఒక్క ఆడమనిషి కూడా కూర్చోలేదు. 2024 మే 2న సుప్రీంకోర్టు తన బార్ అసోసియేషన్ కార్యవర్గంలో కనీసం మూడో వంతు ఆడవాళ్లకి కేటాయించాలని చెప్పినప్పుడు మా లైబ్రరీలో అందరం ఆ వార్త గట్టిగా చదువుకున్నాం, చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత మా నోటీసు బోర్డు మీద మాత్రం ఏమీ మారలేదు. అందుకే మేడమ్ నామినేషన్ వేస్తానన్న రోజు నేను ఇంకేమీ ఆలోచించకుండా ప్రచారం పని మొత్తం నా మీద వేసుకున్నాను. కరపత్రాలు, కార్డులు, ఓటరు స్లిప్పులు, అన్నీ.

మొదట వెళ్లింది ఈ షాపుకి కాదు, మరో చోటికి. ఆ షాపు పేరూ ఊరూ ఇక్కడ అనవసరం. ఒడియా వైపు చక్కగా వచ్చింది. తెలుగు వైపు చూడగానే నా గుండె జారింది. ఒత్తులన్నీ ఊడిపోయి పక్కన విడిగా పడి ఉన్నాయి, "న్యాయవాది" అన్న మాట గుర్తుపట్టలేని విధంగా ఉంది, మేడమ్ ఇంటిపేరులో ఒక అక్షరమే మాయం. నేను వాట్సాప్‌లో పంపింది యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో వాడే పద్ధతిలో, టైపు చేసిన తెలుగు, వాళ్ల దగ్గరున్నది పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, అందులో అతికిస్తే అలా విరిగిపోతుందట. అడిగితే "మీరు పంపిందే వేశాం" అన్నారు. ఐదు వందల కాపీలు, డబ్బు ముందే కట్టేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పోలింగ్ పదిహేడు రోజుల్లో ఉంది, ఖర్చు పెట్టేది మేడమ్ సొంత డబ్బు.

మా గుమస్తా గారు చెప్తే మర్నాడు బరంపురం బస్సెక్కాను.

ఈ షాపులో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయికి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మన దగ్గర అందరి కథా ఇదే కదా, మాట్లాడటం వస్తుంది, చదవడం రాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చిన గంజాం, కోరాపుట్ ప్రాంతాల్లో తెలుగు ఇళ్లు అలాగే ఉండిపోయాయి, తరం మారేకొద్దీ అక్షరాలు మాత్రం జారిపోతూ వచ్చాయి. ఈ అమ్మాయి వాళ్ల నాయనమ్మ దగ్గర కూర్చుని గుణింతాలు నేర్చుకుందట. పాత ఫైళ్లకి అను ఫాంట్స్ అనే పాత తెలుగు అక్షరాలు, కొత్తవాటికి యూనికోడ్, రెండిట్లోనూ చేస్తుంది. నేను తీసుకెళ్లిన పాడైపోయిన కరపత్రం చూసి నవ్వలేదు, విసుక్కోలేదు. కుర్చీ ఒకటి జరిపి "అక్కా, మీరు పక్కన కూర్చుని చదవండి, నేను మొదటినుంచి కొడతాను" అంది. రెండు గంటలు పట్టింది. "ఇక్కడ క్ష అనాలా, క్ష్య అనాలా" అని ఆపి అడిగింది. ఒడియాలోనూ అంతే, మేడమ్ పేరు ఒడియాలో ఎలా రాస్తారో ఊహించి కొట్టకుండా ఐడెంటిటీ కార్డు ఫోటో తెప్పించుకుని దాన్ని చూసి కొట్టింది.

తెలుగు ఎందుకు, ఓటర్లందరూ లాయర్లే కదా, ఇంగ్లీషు, ఒడియా అందరికీ వస్తాయి కదా అని మా జట్టులోనే ఇద్దరు అడిగారు. నిజమే, అవసరం అనే లెక్కలో చూస్తే అక్కర్లేదు. కానీ మా బార్‌లో డెబ్బై దాటిన తెలుగు లాయర్లు నలుగురైదుగురు ఉన్నారు, వాళ్లు ఎలక్షన్ రోజున తప్ప బార్ హాల్‌కి రావడం తగ్గించేశారు. వాళ్ల చేతిలో తెలుగు కాగితం పెట్టినప్పుడు ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చదివారు. నలభై ఏళ్లలో ఈ బార్‌లో తన భాషలో ఓటడిగినవాళ్లు లేరన్నారు. ఆయన మాకు వేశారో లేదో నాకు తెలియదు, అడగలేదు కూడా. ఆ రెండు గంటల పనికి మాత్రం ఆ అమ్మాయికి రుణపడి ఉన్నాను.

షాపులో మేం ప్రూఫ్ చూస్తుంటే పెళ్లి కార్డుల కోసం వచ్చిన ఒక పెద్దావిడ మా కాగితం వైపు చూసి "జడ్జిగారి ఎలక్షనా అమ్మా?" అని అడిగారు. ఇది నన్ను చాలామంది అడిగారు. కోర్టు ఆవరణలో పోటీ, నల్లకోట్లు, బ్యాలెట్ పెట్టె చూస్తే అలాగే అనిపిస్తుంది. మన దగ్గర జడ్జికి ఎవరూ ఓటెయ్యరు. కింది స్థాయి జడ్జీలు పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష రాసి వస్తారు, జిల్లా జడ్జిని రాజ్యాంగం 233వ అధికరణ ప్రకారం హైకోర్టుతో సంప్రదించి గవర్నరు నియమిస్తారు, పైకోర్టులకి జడ్జీలని సిఫారసు చేసే సీనియర్ జడ్జీల బృందం, కొలీజియం, ఉంది. మేం ఓటేసేది మా సంఘానికి. అంటే లైబ్రరీలో పుస్తకాలు, కక్షిదారులు కూర్చునే చోటు, మంచినీళ్లు, ఆడవాళ్ల గది, జూనియర్లకి టేబుల్, జడ్జిగారితో బార్‌కి ఏదైనా ఇబ్బంది వస్తే లోపలికి వెళ్లి మాట్లాడే మనిషి ఎవరు అన్నది. చిన్న విషయాల్లా కనిపిస్తాయి. పొద్దున్న పదింటికి వచ్చి సాయంత్రం దాకా వాయిదా కోసం నిలబడే ఆడమనిషిని అడగండి చిన్నవో పెద్దవో.

జడ్జికి ఓటేసే దేశం లేకపోలేదు. హ్యూస్టన్‌లో ఉన్న మా పిన్ని కూతురు ఆ రాత్రి ఫోన్లో అదే చెప్పింది. అక్కడ పౌరసత్వం వచ్చాక ఓటు వేసింది, బ్యాలెట్ చూసి భయపడిందట. టెక్సస్‌లో జిల్లా కోర్టు జడ్జీలు నాలుగేళ్లకోసారి పార్టీ పేరు మీదే పోటీ చేస్తారు. ఒకప్పుడు పార్టీ దగ్గర ఒక్క గుర్తు పెడితే కింద ఉన్న జడ్జీలందరికీ ఓటు పడిపోయేది, 2020 నుంచి అది తీసేశారు, ఇప్పుడు ఒక్కొక్క పేరూ చూసి వెయ్యాలి. పేజీలు పేజీలు జడ్జీల పేర్లు. తనకి నచ్చిన ఒక జడ్జి కోసం ఇంటి ముందు గడ్డిలో బోర్డు పాతింది, రెండు శనివారాలు తలుపులు తట్టి కాగితాలు పంచింది. "ఆ కాగితం మీద ఏముంటుంది?" అని అడిగాను. చదువు, అనుభవం, కోర్టు ఎలా నడుపుతారు, ఇలాంటివే అంది. ఫలానా కేసులో ఇలా తీర్పిస్తాను అని జడ్జి పదవికి నిలబడ్డ మనిషి మాట ఇవ్వకూడదట, అది అక్కడి జడ్జీల ప్రవర్తనా నియమావళిలోనే ఉందట. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఇవ్వకూడని మాట కాగితం మీద ఇవ్వకపోవడం కూడా ప్రచారంలో భాగమే అని నాకు అప్పటిదాకా తట్టలేదు.

తట్టేలా చేసింది ప్రెస్ బాబాయే. ఈ షాపుకి అంత రేటింగ్ ఎందుకంటే ఇదే కారణం. ఆయన వేసేదాన్ని చదువుతారు. ప్లేట్‌కి పంపేముందు కళ్లజోడు పెట్టుకుని, పెన్ను పట్టుకుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా పెదవులు కదుపుతూ చదువుతారు. నాకు తెలిసిన ఏ ప్రెస్‌లోనూ ఇలా చదివే మనిషిని చూడలేదు. తప్పొప్పులకే కాదు, విషయానికి కూడా చదువుతారు.

మా మొదటి డ్రాఫ్టులో నాలుగో పాయింటు "బరంపురంలో హైకోర్టు బెంచ్ సాధిస్తాం" అని ఉంది. దక్షిణ ఒడిశాలో ఏ బార్ ఎలక్షన్‌లోనైనా ఆ మాట లేకుండా కాగితం రాదు, 1948లో హైకోర్టు కటక్‌లో పెట్టినప్పటినుంచి ఇటు మల్కన్‌గిరి, కోరాపుట్ వాళ్లు ఒక అప్పీలు కోసం ఏళ్ల తరబడి రాత్రంతా ప్రయాణం చెయ్యాల్సి వచ్చింది, ఆ బాధ నిజమైనది. బాబాయి ఆ లైను కింద పెన్ను పెట్టి "ఇది సెక్రటరీ చేతిలో ఉందా అమ్మా?" అని అడిగారు. లేదు. అది ప్రభుత్వం, హైకోర్టు తేల్చాల్సిన విషయం. "మరి సాధిస్తాం అని ఎలా వేస్తాం?" అన్నారు. నాకు కోపం వచ్చింది, నిజం చెప్తున్నాను. లాయరుని నేను, నాకు ఈయన చెప్పేదేంటి అనిపించింది. బస్సులో ఆలోచించుకుంటూ వెళ్లాను, మేడమ్‌కి చెప్పాను, ఆవిడ ఒక్క క్షణం ఆగి "ఆయన అన్నది సరైనది, మార్చు" అన్నారు. "బెంచ్ కోసం మిగతా బార్‌లతో కలిసి అడుగుతాం" అని మార్చాం.

ఇంకో లైను మేడమ్ గెలిచిన ఒక పెద్ద కేసు గురించి. మా జట్టులో ఒక అబ్బాయి ఉత్సాహంగా రాశాడు. దాన్ని చూసి బాబాయి "లాయర్లు కేసుల గురించి చెప్పుకోకూడదు కదా" అన్నారు, ఆయనకి ఎలా తెలుసో. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వ రూలు అదే. పని కోసం ప్రకటనలు ఇచ్చుకోకూడదు, బోర్డు కూడా మామూలు సైజులోనే ఉండాలి. పైగా ఆ బోర్డు మీద తాను ఫలానా బార్ అసోసియేషన్‌కి అధ్యక్షుడనో సభ్యుడనో రాసుకోకూడదని కూడా అందులోనే ఉంది. అంటే ఎలక్షన్ గెలిచినా ఆ పదవిని ఇంటి ముందు బోర్డుకి ఎక్కించుకోవడానికి లేదు. ఓటర్లు లాయర్లే కాబట్టి కరపత్రం మీద అలాంటి లైను ఉన్నా ఎవరూ పట్టించుకోరని మా అబ్బాయి వాదించాడు. నేను తీసేయించాను. దాని స్థానంలో మేడమ్ ఇష్టపడి అడిగిన రెండు వాక్యాలు పెట్టాం. కటక్‌కి చెందిన సుధాంశుబాల హజ్రా ప్లీడరుగా నమోదు చేసుకోమని అడిగితే ఆడమనిషి అన్న కారణంతో 1921లో పాట్నా హైకోర్టు కాదంది, 1923లో వచ్చిన చట్టంతో దేశమంతటా ఆడవాళ్లకి ఆ తలుపు తెరుచుకుంది. ఈ రెండు వాక్యాలు ఒడియాలో చదివి ఎంతమంది కుర్ర లాయర్లు "ఇది మాకు తెలియదు మేడమ్" అన్నారో లెక్కలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. పోలింగ్‌కి ఎనిమిది రోజుల ముందు మా మీద ఒక పుకారు మొదలైంది. మేడమ్ కుటుంబం గురించి. ఇక్కడ రాయదగ్గ మాట కాదు. అవతలి జట్టులో ఎవరు మొదలుపెట్టారో కూడా మాకు తెలుసు. నా కడుపు మండిపోయింది. నేనే ఒక చిన్న స్లిప్పు రాశాను, అవతలి అభ్యర్థి ఒకప్పుడు సంఘం డబ్బు విషయంలో ఏం చేశాడని జనం అనుకుంటున్నారో, నాలుగు లైన్లు. పేరు లేకుండా. రెండు వందల కాపీలు చాలు, రాత్రి టేబుళ్ల మీద పెట్టేస్తే పొద్దున్నకి అందరూ చదువుతారు. మేడమ్‌కి చెప్పలేదు. కాగితం పట్టుకుని బరంపురం వెళ్లాను.

బాబాయి చదివారు. కళ్లజోడు తీశారు. "ఇది నేను వెయ్యను" అన్నారు. డబుల్ ఇస్తానన్నాను. "డబ్బు గురించి కాదమ్మా. కింద నా పేరు, మీ పేరు, ఎన్ని కాపీలో వేస్తే వేస్తాను. పేరు వేసుకుంటారా?" అని అడిగారు.

ఆయన షాపు నుంచి వెళ్లే ప్రతి ఎలక్షన్ కాగితం కింద చిన్న అక్షరాల్లో మూడు ఉంటాయి, ప్రెస్ పేరు, వేయించినవాళ్ల పేరు, కాపీల సంఖ్య. పార్లమెంటు, అసెంబ్లీ ఎలక్షన్లకి అలా పేర్లు వెయ్యడం చట్టమే, ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఎ సెక్షన్. ప్రింటరు, పబ్లిషరు పేరు, అడ్రసు లేని కరపత్రం వెయ్యకూడదు, వేయించేవాడు ఇద్దరు తెలిసినవాళ్ల సాక్షి సంతకాలతో డిక్లరేషన్ ఇవ్వాలి, తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. బార్ ఎలక్షన్‌కి ఆ సెక్షన్ వర్తించదు. ఆ మాటే నేను ఆయనతో అన్నాను, లాయరు బుద్ధి కదా. ఆయన "వర్తించదని నాకూ తెలుసు" అని గోడ మీద ఉన్న వి.వి.గిరి గారి ఫోటో వైపు చూపించారు.

ఈ ఊరివాళ్లకి గిరి గారి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 1894లో ఇక్కడే పుట్టారు, తండ్రి జోగయ్య పంతులు గారు ఇక్కడ పేరున్న లాయరు, గిరి గారు కూడా ఐర్లండ్‌లో లా చదివి వచ్చినవారే. 1969లో రాష్ట్రపతి పదవికి స్వతంత్రంగా నిలబడి నీలం సంజీవరెడ్డి గారి మీద గెలిచారు, ఇద్దరూ తెలుగువాళ్లే. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ సగం దాటలేదు, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక గిరి గారికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427 వచ్చాయి. ఇది చాలామందికి తెలుసు. బాబాయి చెప్పింది ఆ తర్వాత జరిగిన కథ. ఆ ఎలక్షన్‌లో సంజీవరెడ్డి గారి మీద బురద జల్లుతూ అనామకంగా ఒక కరపత్రం ఎంపీల మధ్య తిరిగింది. దాని మీద ఎలక్షన్ చెల్లదని సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. దేశానికి రాష్ట్రపతిగా ఉన్న మనిషి 1970లో స్వయంగా సుప్రీంకోర్టుకి వచ్చి సాక్ష్యం చెప్పారు. పిటిషన్ కొట్టేశారు, ఎలక్షన్ నిలిచింది. "నిలిచిందమ్మా, కానీ గిరి గారంతటి మనిషి కోర్టులో ఒక కాగితం ముక్క గురించి జవాబు చెప్పారు. ఆ కాగితం మీద ప్రింటరు పేరు ఉంటే ఆయన కోర్టుకి వచ్చే పనే ఉండేది కాదు, ఆ ప్రింటరునే పిలిచేవాళ్లు" అన్నారు. వాళ్ల నాన్న ఆ రోజుల్లో అచ్చు పేర్చే ప్రెస్ నడిపేవారట, ఈ కథ చెప్పి పేరు లేని కాగితం మన మెషిను మీద పెట్టకు అన్నారట. తండ్రి మాటని ఇన్నేళ్లుగా పట్టుకుని ఉన్నారు.

నేను ఆ స్లిప్పు మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చి చింపేశాను. మేడమ్‌కి చాలా రోజుల తర్వాత చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు, కొంచెం సేపు నా వైపు చూసి టీ పెట్టమన్నారు.

ఇప్పుడు అసలు రివ్యూలో ఉండాల్సిన లెక్కలు. 70 జీఎస్‌ఎం (పేపరు మందం లెక్క) మ్యాప్‌లితో రకం పేపరు మీద ఏ5 సైజు, రెండు వైపులా, సింగిల్ కలర్, వెయ్యి కాపీలకి నాకు 1,800 రూపాయలు అయింది, ఒక వైపు ఒడియా, ఒక వైపు తెలుగు. ఆఫ్‌సెట్‌లో వెయ్యికి తగ్గితే ప్లేటు ఖర్చు మీద పడుతుంది కాబట్టి ఐదు వందలకైనా ఇంచుమించు అంతే అవుతుంది, అందుకే వెయ్యే వేయించాను. మందం కార్డులు, అంటే సీరియల్ నంబరు, ఫోటో ఉండేవి, ఐదు వందలు 750 రూపాయలు, వాటిని ఆయన వేరే చోట డిజిటల్‌లో వేయించి తెస్తారు. డీటీపీకి, అంటే కంప్యూటర్లో టైపు చేసి పేజీ కూర్చడానికి, విడిగా పేజీకి 150. ప్రూఫ్ ఎన్నిసార్లు మార్చినా అదనంగా తీసుకోలేదు, మేం నాలుగుసార్లు మార్చాం. యూపీఐ తీసుకుంటారు. బిల్లు అడిగితేనే ఇస్తారు, ప్రచారం ఖర్చు లెక్క రాసుకునేవాళ్లు గుర్తుపెట్టుకుని అడగండి.

అర తగ్గించింది ఆ మందం కార్డుల వల్ల. మేడమ్ ఫోటోలో చీర ముదురు ఆకుపచ్చ, బరంపురం పట్టు, ఆవిడ ఇష్టపడి కట్టుకున్నది. కార్డు మీద అది నీలంగా వచ్చింది, ముఖం కూడా కొంచెం పాలిపోయినట్టుంది. బయట వేయించే పని కాబట్టి ఆయన చేతిలో లేదంటారు, కానీ ఒక్క శాంపిల్ తెప్పించి చూపించి ఉంటే బాగుండేది. ఇంకోటి, చెప్పిన రోజుకి ఒక రోజు ఆలస్యం అయింది, ఆ రోజు మధ్యాహ్నం కరెంటు పోయి మూడు గంటలు మెషిను ఆగింది. నాకు అక్కడే కూర్చుని టెన్షన్‌తో చెమటలు పట్టాయి. ఆయన రాత్రి పదకొండింటిదాకా ఉండి కట్ చేసి, కట్టలు కట్టి, పొద్దున్న మొదటి బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపించారు. డబ్బు అడగలేదు ఆ పనికి. ఆటోలో వెళ్లేవాళ్లు సందు మొదట్లోనే దిగండి, లోపల తిప్పుకోవడానికి చోటు లేదు.

ఓటరు స్లిప్పుల గురించి ఒక మాట. మా బార్‌లో ఓటేసేవాళ్లు "ఒక బార్, ఒక ఓటు" డిక్లరేషన్ ఇవ్వాలి, ఒకే లాయరు రెండు మూడు బార్‌లలో సభ్యత్వం పెట్టుకుని అన్నిచోట్లా ఓటెయ్యకుండా. 2011లో సుప్రీంకోర్టు తన బార్ విషయంలో ఈ పద్ధతిని సమర్థించింది, దాన్ని మిగతా బార్‌లు కూడా పట్టుకున్నాయి. మా సీనియర్లలో కొందరికి బరంపురంలో కూడా సభ్యత్వం ఉంది, ఇటు ఓటెయ్యాలంటే ఎక్కడో ఒక చోటే అని రాసి సంతకం పెట్టాలి, ఆ గడువు దాటిపోతే పేరు లిస్టులో ఉండదు. బాబాయి సలహా మీద స్లిప్పు వెనక ఆ గడువు తేదీ పెద్ద అక్షరాల్లో వేశాం, మేడమ్ పేరు కంటే పెద్దగా. అది చూసి వచ్చి ఫారం నింపినవాళ్లు తొమ్మిది మంది అని మా గుమస్తా గారు లెక్క చెప్పారు. వాళ్లలో అందరూ మా ఓటర్లు కాదు. అయినా సరే, ఓటు పోకుండా ఉండటం ముఖ్యం కదా.

పోలింగ్ రోజు సాయంత్రం నాలుగింటికి పెట్టె మూశారు, రాత్రి ఎనిమిదిన్నరకి లెక్క తేలింది. మేడమ్ పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయారు. నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. బయటికి వచ్చేసరికి ఆవిడ గెలిచిన ఆయనకి దండ వేస్తున్నారు, కరపత్రంలో మనం రాసిన కక్షిదారుల బెంచీలు, ఆడవాళ్ల గది విషయాలు మొదటి మీటింగ్‌లోనే పెట్టమని అక్కడే చెప్పారు. ఆయన మా కరపత్రం జేబులోంచి తీసి చూపించి "నా దగ్గర ఉంది మేడమ్" అన్నారు. పుకారు మొదలైంది ఆ జట్టులోనే అని నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా. కానీ ఆ జేబులో ఉన్న కాగితం కింద మా పేరు ఉంది, రాసిన ప్రతి మాటకీ జవాబు చెప్పగలం అనుకున్నాను. నేను రాసిన ఆ నాలుగు లైన్ల స్లిప్పు ఆయన జేబులో ఉండి ఉంటే ఆ రాత్రి ఎలా ఉండేదో ఊహించుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. రెండు నెలల్లో బెంచీలు వచ్చాయి. గది ఇంకా రాలేదు, అడుగుతూనే ఉన్నాం.

ఓడిపోయిన వారం తర్వాత ఓటేసినవాళ్లకి ధన్యవాదాలు చెప్తూ చిన్న కార్డులు వేయించడానికి మళ్లీ అదే షాపుకి వెళ్లాను. ఆ అమ్మాయి నన్ను చూడగానే ఫైలు తెరిచి పెట్టింది, రెండు భాషల్లో, ఈసారి తెలుగు పైన, ఒడియా కింద. "పోయినసారి ఒడియా ముందు వేశాం కదక్కా, ఈసారి ఇది" అంది. బాబాయి చదివి, కింద కాపీల సంఖ్య 200 అని వేశారు, మూడు వందల రూపాయలు తీసుకున్నారు, తగ్గించమని నేను అడగలేదు.

వెళ్లేవాళ్లు యూనికోడ్ ఫైలుతో పాటు చేత్తో రాసిన కాగితం కూడా పట్టుకెళ్లండి, అనుమానం వస్తే వాళ్లు దాన్నే నమ్ముతారు. మాఘమాసం, వైశాఖం వెళ్లకండి, పెళ్లి కార్డుల రద్దీలో పది రోజులు పడుతుంది. బరంపురం ఊరి దేవత జాతర, ఠాకురాణి యాత్ర, జరిగే సంవత్సరం అయితే ఆ నెల అసలు మర్చిపోండి, షాపు తీసేదే సాయంత్రాలు. మామూలు రోజుల్లో పొద్దున్న పదిన్నర లోపు వెళ్తే బాబాయి తీరిగ్గా చదువుతారు.